జెనిట్ డైరీ: మీటరు ఆగిపోయిన కెమెరాతో ఆరు రీళ్లు

జనవరి 12

విశాఖ నుంచి రాజమండ్రి దాకా రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తోలు కేసుతో కలిపి కిలో పైనే ఉంటుంది. ముందువైపు ఒలింపిక్ వలయాలు, మాస్కో 80 గుర్తు. పెదనాన్నగారి జెనిట్-ఈ, సోవియట్ ఫిల్మ్ కెమెరా.

పెదనాన్న ఉక్కు కర్మాగారంలో పనిచేశారు. ఆ ప్లాంటు సోవియట్ సహకారంతో కట్టింది కాబట్టి ఎనభైల్లో అక్కడ రష్యన్ ఇంజనీర్లు ఉండేవారు. వాళ్లలో ఒకాయన తమ దేశం వెళ్లిపోతూ ఈ కెమెరాను పెదనాన్నకు అమ్మారట. "మీ అక్క బారసాల ఫోటోలు దీంతో తీసినవే అమ్మలూ. ఊటీలో తయారయ్యే ఇందు రీలు వేసేవాణ్ణి. కొన్నాళ్లకి మీటరు ముల్లు కదలడం మానేసింది. ముల్లు చూడకుండా తీసే ధైర్యం రాలేదు. అంతే, బీరువాలో పెట్టేశాను" అన్నారు.

ఇంటికి రాగానే మొదట చూసింది ఆ ముల్లునే, వెలుగు ఎంతుందో చూపించాల్సిన ముల్లు. మిట్టమధ్యాహ్నం డాబా మీద సూర్యుడి వైపు తిప్పినా ఉలుకూ పలుకూ లేదు. లెన్స్ పైన తేనెపట్టులా గళ్లు గళ్లుగా ఉన్న గాజు వెనక సెలీనియం పలక ఉంటుంది. వెలుగు పడితే తనంతట తానే కాస్త కరెంటు పుట్టిస్తుంది, బ్యాటరీ అక్కర్లేదు. దశాబ్దాలు గడిచి తేమ కూడా చేరితే పలక చచ్చిపోతుంది. సముద్రపు గాలిలో ఇన్నేళ్లు ఉంది మరి.

ఫోన్‌లో లైట్‌మీటర్ యాప్ వేసుకుంటే సరిపోతుంది. కానీ వేసుకోదలచుకోలేదు. ఈ ఏడాది ఇదే నా ప్రాజెక్టు: ఈ ఒక్క కెమెరా, ఈ ఒక్క లెన్స్, ఆరు రీళ్లు. ప్రతి ఫ్రేముకు ముందు వెలుగును కంటితో చూసి, అంచనా నోట్‌బుక్‌లో రాసి, ఆ తర్వాతే నొక్కాలి. రీలు కడిగాక పక్క గడిలో ఫలితం రాయాలి: వెలుగు తక్కువైతే పలచన, సరిపోతే సరి, ఎక్కువైతే దట్టం.

జనవరి 19

ఈ వారం లెన్స్ పని. హీలియోస్ 44-2, 58 మిల్లీమీటర్లు, ఎఫ్ 2. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ తెరుచుకున్నట్టు. జర్మనీలో కార్ల్ జైస్ చేసిన బయోటార్ అనే లెన్స్ నమూనా ఆధారంగా యుద్ధం తర్వాత సోవియట్ కర్మాగారాలు తయారుచేసిన లెన్స్ ఇది. లక్షల్లో తయారైంది కాబట్టి ఇప్పటికీ అందరికీ అందే ధరలోనే దొరుకుతుంది.

టార్చ్ వేసి వెనక నుంచి చూస్తే లోపలి గాజు మీద సాలెగూడు లాంటి ఫంగస్. ఫోకస్ రింగు తిప్పుతుంటే బిగుసుకుపోయిన సీసా మూత తిప్పుతున్నట్టుంది. లోపలి గ్రీజు ఎండి జిగురైపోయింది.

మొదటిసారి లెన్స్ విప్పేవాళ్లకు ఈ హీలియోస్ మంచి గురువు. గాజు భాగం మొత్తం ఒక దిమ్మెలా మర తిప్పితే బయటికి వచ్చేస్తుంది. ఫోకస్ రింగును పట్టి ఉంచేవి మూడు బుల్లి స్క్రూలు. నా స్క్రూడ్రైవర్ మొన సరిపోక ఒకదాని గాడి కొంచెం చెడింది. సరైన సైజు మొన తెప్పించుకుని, రెండు రోజులు ఆగి, మళ్లీ కూర్చున్నాను.

ఇక్కడ ఒక్క జాగ్రత్త తప్పనిసరి. ఫోకస్ మరకు ఒకటి కాదు, చాలా మొదళ్లు ఉంటాయి. రెండు భాగాలూ విడిపోయిన చోట గీత పెట్టుకోకపోతే తిరిగి ఎక్కించేటప్పుడు ఏదో ఒక మొదలులో పడుతుంది. రింగు హాయిగా తిరుగుతుంది, కానీ దూరంగా ఉన్నదేదీ ఫోకస్‌లోకి రాదు. నేను సన్నటి సూదితో ఇత్తడి మీద గీత గీసి, ఫోన్‌తో ఫోటో కూడా తీసుకున్నాను.

పాత గ్రీజును ఆల్కహాల్‌తో, పళ్ల బ్రష్‌తో పూర్తిగా తుడిచి, కొత్త గ్రీజు అగ్గిపుల్ల తలంత మాత్రమే పూశాను. ఎక్కువైతే వేసవిలో కరిగి, వెలుగు దారిని చిన్నది చేసే అపర్చర్ రేకుల మీదికి పాకుతుంది. ఫంగస్‌కు హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో ముంచిన దూది, చివర ఆల్కహాల్. సాలెగూడు పోయింది. ఒక మూల పూతను అది ముందే తినేసింది కాబట్టి చిన్న మచ్చ మిగిలింది. ఫోటోలో ఆ మచ్చ కనపడదు.

తిరిగి బిగించాక అడాప్టర్‌తో డిజిటల్ కెమెరాకు తగిలించి దూరంగా సెల్ టవర్‌ను చూశాను. ఫోకస్ రింగు చివరి గీత దగ్గర టవర్ కడ్డీలు విడివిడిగా కనపడ్డాయి. మర సరిగ్గానే పడింది. ఆ రాత్రి చాలాసేపు ఊరికే ఫోకస్ రింగు తిప్పుతూ కూర్చున్నాను.

ఫిబ్రవరి 2

షట్టర్ పరీక్ష, అంటే ఫిల్మ్ ముందు తెరుచుకుని మూసుకునే తెర వేగాన్ని చూడటం. జెనిట్‌లో ఐదే వేగాలు, సెకనులో భాగాలుగా: 1/30, 1/60, 1/125, 1/250, 1/500. అవి కాకుండా వేలు తీసేదాకా తెరిచి ఉంచే బీ. వెనక తలుపు తెరిచి, లెన్స్ తీసేసి, కెమెరాను ట్యూబ్‌లైట్ వైపు పెట్టి, ఫోన్‌లో సెకనుకు 240 ఫ్రేముల స్లోమోషన్ వీడియో తీశాను. 1/30 దగ్గర తెర తెరిచి ఉన్న ఫ్రేములు 8 లెక్కకు రావాలి. పది వచ్చాయి. 1/60 దగ్గర 4 రావాల్సింది ఐదు వచ్చాయి. అంటే స్ప్రింగులు కాస్త అలసి, మూడో వంతు స్టాపు మెల్లగా నడుస్తున్నాయి (ఒక స్టాపు అంటే వెలుగు రెట్టింపో సగమో అయ్యే మెట్టు). 1/250, 1/500 ఈ పద్ధతికి అందవు.

మూడో వంతు స్టాపు ఎక్కువ వెలుగును నెగెటివ్ ఫిల్మ్ సులువుగా భరిస్తుంది. తక్కువైతేనే కష్టం, నీడల్లో ఏమీ మిగలదు. అందుకే షట్టర్ జోలికి పోలేదు.

ఫిబ్రవరి 16

మొదటి రీలు, హెచ్‌పీ5 ప్లస్. ఐఎస్‌ఓ 400 (ఫిల్మ్ వెలుగుకు ఎంత త్వరగా స్పందిస్తుందో చెప్పే అంకె), బ్లాక్ అండ్ వైట్. ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఒక్కో ఫోటోకు పాతిక, ముప్పై రూపాయలు పడుతోంది. మన దేశంలోనే ఫిల్మ్ తయారైన రోజులు ఇక లేవు. పెదనాన్న చెప్పిన ఇందు ఫిల్మ్‌ను చేసింది హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్, 1960లో ఊటీలో పెట్టిన ప్రభుత్వ సంస్థ. అది మూతపడింది.

మీటరు లేనివాళ్లకు పాత సూత్రం ఒకటుంది. మంచి ఎండలో ఎఫ్ 16 పెట్టి, షట్టర్ వేగాన్ని ఫిల్మ్ ఐఎస్‌ఓకు దగ్గరగా పెట్టడం. 400కి దగ్గరది 1/500. అక్కడి నుంచి వెలుగు తగ్గేకొద్దీ ఒక్కో మెట్టు తెరుచుకుంటూ పోవాలి. ఎన్ని మెట్లన్నదే నేర్చుకోవాల్సింది.

పుష్కరఘాట్, పాత హావ్‌లాక్ వంతెన, మెయిన్ రోడ్డు. వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు తిరిగాయి. ఇప్పుడు ఖాళీ స్తంభాలు, గడ్డర్లు నీళ్ల మీద వరుసగా నిలబడి ఉంటాయి. జెనిట్ వ్యూఫైండర్‌లో ఫ్రేములో మూడింట రెండు వంతులే కనిపిస్తుంది. అంచుల్లో ఏముందో ఊహించుకోవాలి. గంటన్నరలో పద్నాలుగే తీశాను. డిజిటల్‌తో అదే చోట రెండు వందలు తీసేదాన్ని.

మార్చి 1

రీలు కడిగాను. స్టూడియోలో ఇచ్చి కడిగించుకునే రోజుల్లో పెరిగిన నాకు నా చేత్తో కడగడం ఇదే మొదటిసారి.

రాత్రి పది దాటాక బాత్‌రూమ్ తలుపు కింద దుప్పటి కుక్కి, లైటు ఆర్పి, చీకట్లో ఫిల్మ్‌ను స్పైరల్ అనే చక్రానికి చుట్టుకునేలా ఎక్కించి, కడిగే ట్యాంకులో పెట్టి మూత పెట్టాను. ట్యాంకుకు 290 మిల్లీలీటర్లు పడతాయి. డీ-76 అనే డెవలపర్ సగం, నీళ్లు సగం. 20 డిగ్రీల దగ్గర 11 నిమిషాలు. మొదటి అర నిమిషం ఆగకుండా, తర్వాత ప్రతి నిమిషంలో పది సెకన్లు ట్యాంకును తలకిందులు చేస్తూ ఉండాలి. ఆ తర్వాత డెవలపర్ పనిని ఆపే స్టాప్ బాత్, బొమ్మను నిలిపే హైపో. ఫిల్మ్ నాలుక ముక్కను ముందే హైపోలో వేసి అది పారదర్శకం కావడానికి పట్టే సమయం చూసుకున్నాను. రీలును దానికి రెట్టింపు సేపు ఉంచాను.

మూత తీసి తడి ఫిల్మ్‌ను లైటు ముందు చాచగానే హావ్‌లాక్ స్తంభాలు తెల్లగా, ఆకాశం నల్లగా కనపడ్డాయి. అరిచినట్టున్నాను, అమ్మ లేచి వచ్చింది.

ఉదయం ఆరిన ఫిల్మ్‌ను నోట్‌బుక్ పక్కన పెట్టుకుని లెక్క చూశాను. 36లో 19 సరి, 9 దట్టం, 3 పలచన. మిగతా ఐదూ బొగ్గులా నల్లగా ఉన్నాయి. కారణం అపర్చర్ రింగు. హీలియోస్‌లో అపర్చర్ తనంతట తాను మూసుకోదు. ఎఫ్ 2 దగ్గర తెరిచి ఫోకస్ చేసుకుని, ఆ తర్వాత ముందువైపు రింగును తిప్పి మనమే మూయాలి. ఐదుసార్లు మూయడం మరిచిపోయాను. ఎఫ్ 16కి బదులు ఎఫ్ 2, అంటే ఆరు మెట్ల వెలుగు ఎక్కువ. ఇకమీదట నొక్కే ముందు వ్యూఫైండర్ చీకటి పడిందో లేదో చూస్తాను. చీకటి పడితే అపర్చర్ మూసుకున్నట్టు.

ఇంకొకటి కూడా తేలింది. సూర్యుడికి ఎదురుగా తీసిన నాలుగు ఫ్రేముల్లో ఒకే చోట చిన్న నల్ల చుక్క ఉంది.

మార్చి 9

చుక్క దొరికింది. జెనిట్ షట్టర్ రబ్బరు పూసిన బట్ట తెర. రాత్రి గదిలో లైట్లు ఆర్పి, లెన్స్ తీసి, దూదిపుల్లతో అద్దాన్ని మెల్లగా పైకెత్తి, లోపలికి టార్చ్ వేసి వెనక నుంచి చూశాను. షట్టర్ ఎక్కించినప్పుడు కనిపించే మొదటి తెరలో సూదిమొనంత చిల్లు నక్షత్రంలా మెరిసింది. అద్దం లేచిన క్షణంలో సూర్యుడి వెలుగు నేరుగా తెర మీద పడి, ఆ చిల్లులోంచి ఫిల్మ్‌కు చేరుతోంది.

బట్టల మీద బొమ్మలు వేసే నల్లటి ఫ్యాబ్రిక్ పెయింట్‌ను నీళ్లతో పలచన చేసి, సన్నటి కుంచెతో చిల్లు ఉన్న చోట మాత్రమే తాకించాను. మందంగా పూస్తే తెర చుట్టుకునేటప్పుడు బిగుస్తుంది. ఒక రోజంతా ఆరనిచ్చి, రెండో పొర. ఇప్పుడు టార్చ్ వేస్తే చీకటే.

ఏప్రిల్ 13

రెండో రీలు. కుళాయి నీళ్లు 33 డిగ్రీలు. పుస్తకాల్లో రాసే 20 డిగ్రీలు మన వేసవికి కుదరని లెక్క. ఐస్ వేసి 20కి దించాను కానీ, పదకొండు నిమిషాలు పూర్తయ్యేలోపు ట్యాంకు మళ్లీ వేడెక్కుతోంది. పైగా చల్లటి డెవలపర్ నుంచి తీసి వేడి కుళాయి నీళ్లలో కడిగితే ఫిల్మ్ మీది జెలటిన్ పొర నెర్రెలిచ్చే ప్రమాదం ఉంది.

అమ్మ చెప్పిన ఉపాయం పనిచేసింది. వంటింట్లో మంచినీళ్ల కుండ. రాత్రంతా కుండలో ఉన్న నీళ్లు తెల్లవారుజామున 25 డిగ్రీలు చూపించాయి. రెండు ఐస్ ముక్కలు వేస్తే 24. డెవలపర్, హైపో, కడిగే నీళ్లు, అన్నీ కుండ నీళ్లతోనే, అన్నీ 24 దగ్గరే. ఒక్కో డిగ్రీకి, అప్పటికి మిగిలిన సమయంలో పది శాతం చొప్పున తగ్గిస్తూ పోతే 11 నిమిషాలు ఏడుంబావు అవుతుంది. ట్యాంకును నీళ్ల బకెట్‌లో కూర్చోబెట్టాను. నెగెటివ్‌లు శుభ్రంగా వచ్చాయి. ఇంకో కుండ కొన్నాను, కెమెరాకని.

మా బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరాక మరకలు పడుతున్నాయి. అందుకే చివరి ముంపు బ్యాటరీ షాపులో అమ్మే డిస్టిల్డ్ వాటర్‌లో.

మే 4

నోట్‌బుక్ మారుతోంది. మొదట్లో ‘ఎండ’, ‘నీడ’, ‘మబ్బు’ అని రాసేదాన్ని. అవి సరిపోవడం లేదు. ఎండలో ఎన్ని ఎండలు! రెండు రీళ్ల ఫలితాలు దగ్గర పెట్టుకుని కొత్త పట్టిక రాశాను, అన్నీ ఐఎస్‌ఓ 400కి:

మిట్టమధ్యాహ్నపు ఎండ: 1/500, ఎఫ్ 16.
నీరెండ: 1/250, ఎఫ్ 11.
పలచటి మబ్బు: 1/500, ఎఫ్ 8.
ముసురు: 1/500, ఎఫ్ 5.6. దీని పక్కన ప్రశ్నార్థకం పెట్టాను, ఇంకా వాన రాలేదు కాబట్టి.
మామిడి తోట నీడ: 1/250, ఎఫ్ 4.
వీధి అరుగు: 1/125, ఎఫ్ 2.8.
అసురసంధ్య: 1/30, ఎఫ్ 2, ఊపిరి బిగపట్టి.

ఈ మాటలన్నీ అమ్మమ్మ నోట విన్నవే. ఎండను బట్టి ఒడియాలు ఎప్పుడు పెట్టాలో, ఎప్పుడు ఎత్తాలో ఆవిడ చెప్పేది. వెలుగుకు ఇన్ని పేర్లు పెట్టుకున్న భాషలో మీటరు ముల్లు ఏమైనా పర్లేదనిపించింది. పట్టిక కాగితాన్ని కెమెరా కేసు లోపల అంటించాను.

మే 18

కడియం నర్సరీలు, ఉదయం ఆరింటికి. ఈ లెన్స్‌ను జనం ఎందుకు వెతుక్కుంటారో చూడాలంటే ఇంతకంటే మంచి చోటు మా దగ్గర్లో లేదు. వెనక ఆకులు, ఆకుల సందుల్లోంచి వెలుగు చుక్కలు, ముందు ఒక మనిషి. హీలియోస్‌ను పూర్తిగా తెరిస్తే మధ్యలో చుక్కలు గుండ్రంగా ఉంటాయి. అంచులకు పోయేకొద్దీ లెన్స్ గొట్టం వెలుగును కొంత కోసేయడంతో అవి బాదంగింజల్లా నొక్కుకుపోతాయి. ఆ బాదంగింజలన్నీ మధ్యభాగం చుట్టూ వరుస తీరడంతో వెనకంతా సుడి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది.

చిక్కు ఏమిటంటే ఐఎస్‌ఓ 400తో, 1/500 దాటని షట్టర్‌తో ఎఫ్ 2 పెట్టడం పగలు ఆరుబయట కుదరదు. ఈ ఒక్క రీలుకు హెచ్‌పీ5ను పక్కన పెట్టి, చెక్ దేశపు ఐఎస్‌ఓ 100 ఫిల్మ్ ఫోమాపాన్ 100 వేశాను. షేడ్‌నెట్ కింద చిక్కటి నీడలో 1/500, ఎఫ్ 2. సరిగ్గా సరిపోయింది.

బంతి మొక్కల వరుసలో నీళ్లు పెడుతున్న ఒకావిడ "ఈ కెమెరాకి రీలు దొరుకుతోందా ఇంకా?" అని ఆగి అడిగింది. తన పెళ్లి ఆల్బం గురించి చాలాసేపు చెప్పింది. ఆవిడను ఒక్క ఫోటోనే తీశాను, అర మీటరు దూరం నుంచి, మెడ వెనక క్రోటన్ ఆకులన్నీ సుడి తిరుగుతుండగా. ఇప్పటిదాకా తీసిన వాటిలో నాకు అన్నిటికంటే ఇష్టమైంది అదే. రీలు కడిగాక ప్రింటు వేయించి ఇచ్చి వచ్చాను.

జూలై 20

చెడ్డ రోజు. బయట వాన, బాత్‌రూమ్‌లో ఉక్కపోత, చేతులకు చెమట. చీకట్లో ఫిల్మ్ సగం దాకా ఎక్కి ప్లాస్టిక్ స్పైరల్‌కు అతుక్కుపోయింది. ముందుకు పోదు, వెనక్కి రాదు. టెన్షన్‌లో బలంగా తోశాను, మడత పడింది. పన్నెండు ఫ్రేములు పోయాయి. అందులో ధవళేశ్వరం దగ్గర మొదటి వరదనీళ్లు ఉన్నాయి. మళ్లీ ఏడాది దాకా రావు.

నేర్చుకున్నది: స్పైరల్‌ను ముందురోజే ఎండలో పూర్తిగా ఆరబెట్టాలి. తడి ఏ కాస్త ఉన్నా ఎక్కదు. అతుక్కుంటే ఫిల్మ్‌ను ట్యాంకులో వదిలి మూత పెట్టేసి, బయటికి వచ్చి, చేతులు చల్లబడ్డాక మళ్లీ లోపలికి వెళ్లాలి. తొందర అక్కర్లేదు.

లెన్స్‌ను బీరువాలోంచి తీసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టాను. తోలు కేసును విడిగా ఉంచాను. తేమనూ ఫంగస్‌నూ మోసేది తోలే.

సెప్టెంబరు 14

కాకినాడలో పాత కెమెరాలు పోగుచేసే స్నేహితుడు తన జెనిట్ వారం రోజులు ఇచ్చాడు. అతని మీటరు బతికే ఉంది. మిట్టమధ్యాహ్నం పరీక్షిస్తే 1/500, ఎఫ్ 16 చూపించింది. ఇన్ని నెలల అంచనాలను పక్కన పెట్టి పోల్చే అవకాశం. ఒక్కో దృశ్యాన్ని రెండుసార్లు తీశాను: ఒకటి నా లెక్క, ఒకటి ముల్లు లెక్క.

కోటిలింగాల ఘాట్, సాయంత్రం. పడవ మీద సరంగు, వెనక నీళ్ల మీద మెరుపు. ముల్లు 1/250, ఎఫ్ 16 అంది. నేను 1/250, ఎఫ్ 8 రాసుకున్నాను. కడిగి చూస్తే ముల్లు లెక్కలో నది అద్భుతంగా ఉంది, సరంగు ఉత్త నల్లటి ఆకారం. నా దాంట్లో నది తెల్లబోయింది కానీ ఆయన కళ్ల పక్క ముడతలు, భుజం మీద తువ్వాలు నేత, అన్నీ ఉన్నాయి. ముల్లు మెరుపును చూసింది. నేను ఆయన్ని చూశాను.

మర్నాడు ముసురు. నా అంచనా ఎఫ్ 8, ముల్లు ఎఫ్ 4. ఇక్కడ ముల్లుదే సరి, నా నెగెటివ్ పలచన. మబ్బు కమ్మినప్పుడు కంటిపాప తెరుచుకుని వెలుగు తగ్గిన సంగతి తెలియనివ్వదు. మే నెలలో ఎఫ్ 5.6 అని రాసి కూడా ఆ రోజు నా కంటిని నమ్మాను. పట్టికలో ప్రశ్నార్థకం కొట్టేసి, ‘ముసురు: ఎఫ్ 4, ఎంత వెలుగనిపించినా’ అని రాశాను.

అక్టోబరు 26

ఆరో రీలు చివరికొచ్చింది, విశాఖలో. పెదనాన్నకు ప్రింట్లు, నెగెటివ్‌లు, నోట్‌బుక్ అన్నీ చూపించాను. ప్రింట్ల కంటే నోట్‌బుక్‌నే ఎక్కువసేపు చూశారు. కేసు లోపల అంటించిన పట్టిక చదివి, "నీరెండకి ఎఫ్ 11 ఎలా తెలిసింది?" అని అడిగారు. ఐదు రీళ్లలో నీరెండ ఫ్రేములు ఏవేవో వేలు పెట్టి చూపించాను.

కాసేపటికి డాబా మీదికి రమ్మన్నారు. సాయంత్రం ఐదు కావస్తోంది. కెమెరా చేతిలోకి తీసుకుని, పాత అలవాటుగా ముల్లు గాజు వైపు ఒకసారి చూసి, ఆకాశం వైపు చూశారు. పిట్టగోడ మీద ఆరేసిన పెద్దమ్మ చీర పక్కన నన్ను నిలబడమన్నారు. ఫోకస్ చేసి, రింగు తిప్పి, నొక్కారు. తర్వాత పెన్ను అడిగారు.

రీలు ఇంకా కడగలేదు, కుండలో నీళ్లు నింపి పెట్టాను. నోట్‌బుక్‌లో 34వ ఫ్రేము ఎదురుగా, అంచనా గడిలో, ఆయన చేతిరాత ఉంది: నీరెండ, 1/250, ఎఫ్ 11.